క్రైస్తవ జీవితంలో దీనత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన ముగిశాక జరిగే బైబిలు అధ్యయనంలో విశ్వాసులు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలను, వాటికి నేను ఇస్తూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. వాక్యాలన్నీ మన సంఘాలలో అలవాటుగా చదివే పాత తెలుగు అనువాదం నుండి తీసుకున్నవే. కొన్ని ప్రశ్నలకు నాలుగు మాటల జవాబు సరిపోయింది. కొన్నిటి దగ్గర మాత్రం చాలాసేపు ఆగవలసి వచ్చింది, ఎందుకంటే దీనత్వం అనే మాట వల్ల మన సంఘాలలో కొందరికి ఓదార్పు దొరికితే, అదే మాట వల్ల మరికొందరికి గాయాలు తగిలాయి.

దీనత్వం, వినయం, సాత్వికం, తగ్గింపు: ఇవన్నీ ఒకటేనా?

దగ్గరి మాటలే గాని ఒకటి కావు. వాడుకలో "దీనంగా చూశాడు" అంటే జాలి పుట్టేలా చూశాడని అర్థం, దీనుడంటే దిక్కులేనివాడు. తెలుగు బైబిలులో ఈ మాట ఆ అర్థాన్ని వదులుకోకుండానే మరొక అర్థాన్ని కూడా మోస్తుంది: దేవుని మీద తప్ప మరి దేనిమీదా ఆనుకోనివాడు. హెబ్రీ లేఖనాలలోని "అనావ్" అనే మాటలో అణగారినవాడు, దేవుని ఎదుట వంగినవాడు అనే రెండు భావాలూ కలిసే ఉంటాయి కాబట్టి మన అనువాదకులు ఈ మాటను ఎంచుకోవడం నాకు సరైనదనే అనిపిస్తుంది. వినయం బడిలోనే మనకు పరిచయమైన మాట. అది నడవడికలో కనిపించే అణకువ, నేర్చుకుంటే అబ్బేది. సాత్వికం అంటే బలాన్ని, కోపాన్ని అదుపులో ఉంచుకోవడం. సంఖ్యాకాండము 12:3 మోషేను భూమిమీద ఉన్నవారందరిలో మిక్కిలి సాత్వికుడని చెబుతుంది, అయితే ఆయన ఫరో ఎదుట నోరు మెదపకుండా నిలబడిన మనిషి కాడు.

ఇక తగ్గింపు. మన ప్రార్థనలలో, ప్రసంగాలలో ఎక్కువగా వినిపించేది ఈ మాటే గనుక దీనిని కొంచెం విప్పి చూడాలి. "తగ్గించు" వేరు, "తగ్గించుకొను" వేరు. లూకా 18:14లో ప్రభువు చెప్పింది "తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అని. ఆ చివర ఉన్న "కొను" అనే చిన్న ముక్కను తీసివేస్తే వాక్యం తలకిందులవుతుంది. ఒకరు తమంతట తాము దిగితే అది దీనత్వం; ఒకరిని మరొకరు దించితే అది అవమానం. ఈ తేడాను ఇక్కడే గట్టిగా పట్టుకోమని కోరుతున్నాను, ఎందుకంటే కింది జవాబులలో చాలావరకు దీనిమీదే నిలబడి ఉన్నాయి.

మరొక్క సంగతి. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో దీనునికి "తపేయినోస్" అనే మాట ఉంది. ఆనాటి గ్రీకు, రోమా సమాజంలో అది ఎక్కువగా చిన్నచూపు చూసే మాట. బానిసకు, స్థాయి లేనివానికి తగిలించేది. స్వేచ్ఛ గల పౌరుడు తన గురించి అలా చెప్పుకుంటే సిగ్గుచేటు. అటువంటి మాటను సంఘం ఎత్తుకొని సద్గుణాల వరుసలో కూర్చోబెట్టింది. సిలువ వేయబడిన వ్యక్తిని ప్రభువని పిలిచినవారికి అది తప్పలేదు.

యేసు "నేను సాత్వికుడను, దీనమనస్సు గలవాడను" అని తన గురించి తానే చెప్పుకున్నాడు. నిజమైన దీనుడు అలా చెప్పుకుంటాడా?

యువకులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, చాలా మంచి ప్రశ్న. మనలో ఎవరైనా ఆ మాట అంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మన నోట అది నిజం కాకపోవచ్చు. ప్రభువు నోట అది నిజం. దీనత్వం నిజానికి విరోధి కాదు. మత్తయి 11:29లో ఆ మాట ఎవరితో అన్నాడో కూడా చూడండి: ప్రయాసపడి భారం మోస్తున్నవారితో. తన కాడి ఎత్తుకోమని పిలిచే యజమాని ఎటువంటివాడో కూలివానికి ముందుగా తెలియాలి కదా. తన గొప్పను చాటుకోవడానికి కాక, వారి భయం పోగొట్టడానికి ఆయన ఆ మాట చెప్పాడు.

యోహాను 13వ అధ్యాయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. తండ్రి తన చేతికి సమస్తమూ అప్పగించాడనీ, తాను దేవుని యొద్దనుండి వచ్చి దేవుని యొద్దకే వెళ్ళవలసి ఉందనీ "యేసు ఎరిగి" భోజనపంక్తిలోనుండి లేచి తువాలు కట్టుకున్నాడని సువార్తికుడు రాశాడు. తానెవరో తెలియక ఆయన వంగలేదు, తెలిసే వంగాడు. ఫిలిప్పీయులకు 2:6-8 కూడా ఇదే క్రమంలో నడుస్తుంది: దేవుని స్వరూపము కలిగినవాడై ఉండి, దాసుని స్వరూపమును ధరించుకొని, "తన్నుతాను తగ్గించుకొనెను". ధరించుకొని, తగ్గించుకొని: రెండు చోట్లా ఆ "కొను" ఉంది. పిలాతు గాని, కయప గాని ఆయనను తగ్గించలేదు.

"నేను దేనికీ పనికిరానివాణ్ణి" అని ఎప్పుడూ అనుకుంటూ ఉండటం దీనత్వమా?

కాదు. రోమీయులకు 12:3 మనల్ని మనం ఎంచుకోదగినదానికంటే ఎక్కువగా ఎంచుకోవద్దంటుంది గాని, ఎంచుకోవడమే మానెయ్యమనదు. దేవుడు ఇచ్చిన విశ్వాస పరిమాణాన్నిబట్టి స్వస్థబుద్ధితో ఎంచుకోమంటుంది. చక్కగా పాడగలిగిన అమ్మాయి "నాకేమీ రాదండీ" అంటూ పదిసార్లు బతిమాలించుకోవడంలో దీనత్వం లేదు. మొదటిసారి అడిగినప్పుడే లేచి పాడి, తన చోటికి వెళ్ళి కూర్చోవడంలో ఉంది.

పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్న ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది: నీకు కలిగినవాటిలో నీవు పొందనిది ఏది? చదువు, గొంతు, డబ్బు, ఆరోగ్యం, చివరికి విశ్వాసం కూడా పొందినవే. పొందినదాన్ని లేదనడం అబద్ధం, సొంతమనడం దొంగతనం. ఈ రెండింటి మధ్య ఉన్న దారిలోనే నడవాలి.

తమను తాము నిరంతరం నిందించుకుంటూ, నిద్ర పట్టక, బ్రతకాలనే ఆశ కూడా కోల్పోతున్నవారు ఆ స్థితిని ఆత్మీయతగా పొరబడవద్దు. అది వ్యాధి కావచ్చు. ప్రార్థనతో పాటు వైద్యుని దగ్గరకు వెళ్ళడం విశ్వాసలోపం కాదు; సహాయం అవసరమని ఒప్పుకోవడం కూడా తగ్గించుకోవడమే.

ఎవరైనా మెచ్చుకుంటే ఏమని జవాబివ్వాలి?

"వందనాలండీ, దేవునికి స్తోత్రం" అంటే చాలు. మెచ్చుకున్న మనిషితో వాదించి అతని మాట తప్పని నిరూపించనక్కరలేదు.

పాదాలు కడిగే ఆచారాన్ని అన్ని సంఘాలూ ఎందుకు పాటించవు? మేము పాటించవచ్చా?

తప్పక పాటించవచ్చు. కతోలిక సంఘంలో పవిత్ర గురువారం సాయంకాలపు పూజలో గురువు విశ్వాసుల పాదాలు కడుగుతారు. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘాలలో ప్రభురాత్రి భోజనానికి ముందు విశ్వాసులు ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. వారు దానిని దీనత్వపు సంస్కారమనే పిలుస్తారు. మెనోనైటు సంప్రదాయంలోనూ ఈ ఆచారం పాతదే. మిగిలిన ప్రొటెస్టంటు సంఘాలలో చాలావరకు దీన్ని సంస్కారంగా ఎంచక, అందులోని భావాన్ని జీవితంలో పాటించాలని బోధిస్తాయి. రెండు పద్ధతులకూ కారణాలున్నాయి. అయితే ఆచారం లేని సంఘాలలో ఆ భావం కూడా మెల్లగా జారిపోవడం నేను చూశాను కాబట్టి, ఏడాదికి ఒక్కసారైనా పళ్ళెం, తువాలు బయటికి తీయడం మంచిదని నా అభిప్రాయం.

తెలుగువారికి ఈ అధ్యాయం మిగతా లోకం కంటే సులభంగా అర్థం కావాలి. ఇంటికి వచ్చినవారికి చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమనడం మన పెద్దల మర్యాద. కానీ గమనించండి, నీళ్ళు మనమిస్తాము, కాళ్ళు వారే కడుక్కుంటారు. ఒకరి కాళ్ళు మరొకరు కడగడం మన దేశంలో పెళ్ళిపీటల మీద కనిపిస్తుంది. అక్కడ కడిగేది ఆడపిల్ల తల్లిదండ్రులు, కడిగించుకునేది పెళ్ళికొడుకు. అంటే తక్కువ స్థానంలో ఉన్నారని లోకం ఎంచినవారు ఎక్కువ స్థానంలో ఉన్నవారికి కడుగుతారు. ప్రభువు ఈ వరుసను తిరగేశాడు. "ప్రభువును బోధకుడునైన నేను మీ పాదములు కడిగినయెడల మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలసినదే" అన్నాడు. కాబట్టి మీ సంఘంలో ఈ ఆచారాన్ని పెట్టుకుంటే, చిన్నవారితో పెద్దల పాదాలు కడిగించకండి. అది లోకంలో రోజూ జరుగుతున్నదే. సంఘ పెద్ద వంగాలి. మందిరం ఊడ్చే అక్క కుర్చీలో కూర్చోవాలి.

2013లో పోపు ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల నిర్బంధ గృహానికి వెళ్ళి అక్కడి యువతీయువకుల పాదాలు కడిగినప్పుడు, వారిలో స్త్రీలు, క్రైస్తవేతరులు కూడా ఉండటంతో చాలామంది కలవరపడ్డారు. 2016లో ఆయన స్త్రీలను కూడా ఈ ఆచారంలో చేర్చుకోవచ్చని నియమాన్నే మార్చారు. ఎవరి పాదాల దగ్గర మనకు కలవరం కలుగుతుందో, ఆ పాదాల దగ్గరే మన దీనత్వం ఎంతో తేలుతుంది.

నాకు సేవ చేయడం ఇష్టమే గాని, ఇతరుల దగ్గర సహాయం తీసుకోవడానికి మనసొప్పదు. ఇది గర్వమా?

చాలాసార్లు గర్వమే. పేతురు "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నప్పుడు అది వినయంగానే వినిపించింది. ప్రభువు మాత్రం "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు (వంతు) లేదు" అన్నాడు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైన ఉంటుంది గనుక దానికి అలవాటు పడినవారికి కింద చెయ్యి చాపడం కష్టం. జబ్బు పడినప్పుడు పొరుగింటివారు తెచ్చిన అన్నం గిన్నెను "ఎందుకమ్మా నీకు శ్రమ" అని వెనక్కి పంపకండి. తినండి, గిన్నె కడిగి ఇవ్వండి.

దైవసేవకుని పాదాలకు నమస్కరించవచ్చా? "అపొస్తలుడు", "డాక్టర్" వంటి బిరుదుల సంగతి ఏమిటి?

పెద్దలను గౌరవించడం మన సంస్కారం, దాన్ని తప్పుపట్టను. కానీ రోమా శతాధిపతి కొర్నేలీ పాదాలమీద పడి నమస్కారం చేసినప్పుడు పేతురు అతన్ని అక్కడ ఉండనివ్వలేదు; "నీవు లేచి నిలువుము, నేనుకూడ నరుడనే" అని చెప్పి లేవనెత్తాడు. ఇక్కడ బాధ్యత నమస్కరించేవానికంటే నమస్కారం అందుకునేవాని మీద ఎక్కువ ఉంది. బిరుదుల విషయంలో మత్తయి 23:8 చాలు: "మీరందరు సహోదరులు." చదివి సంపాదించిన పట్టాను పేరుకు జోడించుకోవడం అబద్ధం కాదు. అయితే మహాసభల ఫ్లెక్సీల మీద ప్రసంగీకుని బొమ్మ నిలువెత్తున ఉండి, వాక్యం ఒక మూల చిన్న అక్షరాలలో ఉంటే, ఎవరు హెచ్చవలసి ఉందో ఎవరు తగ్గవలసి ఉందో మరచిపోయామని అర్థం.

నాకు అన్యాయం జరుగుతోంది. మౌనంగా భరించడమే దీనత్వమని మా పెద్దలు చెబుతున్నారు. అది నిజమేనా?

ఈ ప్రశ్నను నన్ను ఎక్కువగా అడిగింది స్త్రీలు. మందిరంలో అందరి ముందు అడగరు. అందరూ వెళ్ళిపోయాక, చెప్పుల దగ్గర నిలబడి అడుగుతారు. వారికి ఇచ్చిన జవాబే ఇక్కడా ఇస్తున్నాను.

ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రౌతు యేసును కొట్టాడు. ఆయన మౌనంగా లేడు. "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము; మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు, కానీ కొట్టినవాణ్ణి కారణం అడిగాడు. దీనమనస్సు గల ప్రభువు అడిగిన ప్రశ్న కాబట్టి, ఆ ప్రశ్న అడగడం దీనత్వానికి విరోధం కాదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరలో వేయించిన న్యాయాధిపతులు మరునాడు పౌలును రహస్యంగా పంపివేయాలని చూస్తే, వారే వచ్చి తమను వెలుపలికి తీసుకొనిపోవాలని ఆయన పట్టుబట్టాడు. వారు వచ్చి బతిమాలుకున్నారు. ఆ సంగతి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది.

భర్త చేతి దెబ్బలు, కట్నం కోసం వేధింపులు, పనిచోట అసభ్య ప్రవర్తన, సంఘంలోనే జరిగే అక్రమం: వీటిని భరించమని చెప్పడానికి ఫిలిప్పీయుల పత్రికను ఎత్తకూడదు. అలా ఎత్తినవారు "తగ్గించుకొనుము" అనే వాక్యాన్ని "తగ్గించుము" అని చదువుతున్నారు. బయటికి రండి, నమ్మదగినవారికి చెప్పండి, గృహహింస నుండి రక్షణ కోసం 2005లో వచ్చిన చట్టం ఉంది, దానిని ఉపయోగించుకోండి. క్షమించాలా వద్దా అన్న ప్రశ్న మీరు క్షేమంగా ఉన్న చోటికి చేరిన తరువాత, మీకూ దేవునికీ మధ్య నెమ్మదిగా తేలవలసింది. దానికి ఎవరూ గడువు పెట్టకూడదు.

సొంత గౌరవానికి తగిలిన చిన్న గీతకూ, నిజమైన అన్యాయానికీ తేడా ఉందని కూడా చెప్పాలి. పెళ్ళిలో ముందు వరుసలో కూర్చోబెట్టలేదనో, శుభలేఖ చేతికి ఇవ్వకుండా ఫోనులో పంపారనో నొచ్చుకున్నప్పుడు మౌనంగా ఊరుకోవడం చాలా మంచి అభ్యాసం.

దీనత్వం గురించి బోధించేటప్పుడు కులం గురించి ఎందుకు మాట్లాడాలి? సంఘంలో అది లేదు కదా?

ఉంది. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు, సంఘ పెద్దలను ఎన్నుకునేటప్పుడు, కొన్ని ఊళ్ళలో సమాధుల తోట గురించి మాట్లాడేటప్పుడు అది బయటపడుతుంది. తెలుగునాట దీనత్వమనే మాటకు కులం తగలకుండా అర్థం చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

ఒంగోలు చరిత్రను చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. మొదట్లో పై కులాలవారు కొందరు ఆసక్తితో ఆయన దగ్గరకు రావడం మొదలుపెట్టారు. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా చుట్టుపక్కల పల్లెల నుండి మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వీరిని చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పారు. ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, ఒక గదిలో తనకూ మరొక గదిలో తన భార్యకూ ఒకరికొకరు చెప్పుకోకుండానే మొదటి కొరింథీయుల పత్రికలోని ఒకే భాగం తెరుచుకుందని క్లఫ్ తన జీవితకథలో చెప్పుకున్నాడు: "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." మాదిగలను చేర్చుకున్నారు, వద్దన్నవారు వెళ్ళిపోయారు. 1876-78 నాటి కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని నీళ్ళలో ముంచి లేపింది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

ఈ కథలో దీనత్వం ఎవరికి పరీక్ష అయిందో చూడాలి. పేరయ్యను ఎవరూ "తగ్గించుకో" అనవలసిన పని లేదు. లోకం ఆయన పుట్టకముందే ఆయనను తగ్గించి పెట్టింది. ఆయనకు సువార్త లేచి నిలబడమని వినిపించింది. మరియ పాటలో "దీనుల నెక్కించెను" అన్న మాట ఆ పల్లెలకు అక్షరాలా జరిగింది. తగ్గించుకోవలసిన పిలుపు వచ్చింది పై కులాలవారికి: వచ్చి పక్కన కూర్చోవడం, ఒకే రొట్టె విరవడం. వారు ఆ మెట్టు దిగలేకపోయారు. ఈనాటికీ ఒకే వాక్యాన్ని వినేటప్పుడు, తరతరాలుగా తలవంచి బ్రతికినవారికీ తరతరాలుగా తలవంచుకోవడం తెలియనివారికీ బోధకుడు ఒకే మోతాదులో తగ్గింపును బోధిస్తే, ఆ బోధ ఒకరికి మందవుతుంది, మరొకరికి విషమవుతుంది.

మా కుటుంబం పేదలకు ఎంతో సహాయం చేస్తోంది. అది దీనత్వం కాదా?

అది దాతృత్వం. దీనత్వం కూడా కావచ్చు, కాకపోవచ్చు. ఈ విషయంలో నాకు కన్ను తెరిపించింది వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితం. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. పట్టణంలో, అంతర్జాతీయ పరిచయాల మధ్య సాగుతున్న ఉద్యోగాన్ని వదిలి, తెలుగు నేర్చుకొని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నాడు. మీరు మీ ఆస్తిని పేదల పోషణకు ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది దాని సారాంశం. 1912 డిసెంబరులో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆ పదవితో ఏ మహానగరానికో వెళ్ళకుండా 1945 జనవరి 1న కన్నుమూసే వరకు డోర్నకల్ పల్లెల మధ్యే, మాల మాదిగ విశ్వాసుల మధ్యే ఉన్నాడు.

మిషనరీల త్యాగాన్ని అజరయ్య కాదనలేదు. త్యాగం చేసినవాడు కూడా ఎత్తుమీద నిలబడే ఇవ్వవచ్చని చెప్పాడు. మీ సహాయం పొందుతున్న కుటుంబం పేర్లు మీకు తెలుసా? వారి ఇంట్లో మీరు ఎప్పుడైనా భోజనం చేశారా? వారు చెప్పిన మాట విని మీ నిర్ణయం ఒక్కసారైనా మార్చుకున్నారా? బియ్యం సంచి అందిస్తూ ఫోటో తీయించుకోవడం మాత్రం వెంటనే మానేయవచ్చు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికే తెలియకూడదన్నప్పుడు వాట్సాప్ గ్రూపులో ఉన్నవారందరికీ తెలియనక్కరలేదు.

నా సేవకు గుర్తింపు రాకపోతే బాధ కలుగుతోంది. ఏం చేయాలి?

నాకూ కలిగింది. మందిర నిర్మాణానికి నేను చాలాకాలం ఇంటింటికీ తిరిగి చందాలు సేకరించాను. ప్రతిష్ఠ రోజున గోడమీద వేసిన శిలాఫలకంలో నా పేరు లేదు. కొన్ని నెలలపాటు ఆ గోడ వైపు చూడకుండా పక్క తలుపు గుండా లోపలికి వెళ్ళేదాన్ని. "ప్రభువా, వీరిని తగ్గించు" అని ప్రార్థించేదాన్ని. ఒక రోజు ఆ మాట నా నోట నాకే వినిపించి ఆగిపోయాను. మనుషులను తగ్గించమని దేవుణ్ణి అడుగుతున్నాను. నన్ను నేను తగ్గించుకోవడం అన్నది ఆ ప్రార్థనలో ఎక్కడా లేదు. బాధ ఆ రోజే పోలేదు. కానీ ఆ రోజు నుండి ప్రధాన ద్వారం గుండానే వెళ్ళాను. ఫలకాన్ని చదివి, అందులో ఉన్న ఒక్కొక్క పేరు కోసం ప్రార్థించాను. ఇప్పటికి ఆ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

దీనత్వాన్ని రోజూ అభ్యాసం చేయడానికి ఏవైనా ఆచరణీయమైన మార్గాలు ఉన్నాయా?

ఉన్నాయి. క్రైస్తవ సంఘం దీన్ని మొదటినుండీ అభ్యాసంగానే చూసింది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు దీనత్వంలో పన్నెండు మెట్లు ఏర్పరచి ఇచ్చాడు. మనం మఠాలలో లేము, ఇళ్ళలో ఉన్నాము. మన మెట్లు మన వాకిట్లోనే ఉంటాయి.

ముందుగా వినడం. ఎదుటివారు మాట ముగించేవరకు ఆగడం, ముఖ్యంగా వారు మనకంటే చిన్నవారైతే. ఇంట్లో కోడలి మాట, కార్యాలయంలో కొత్తగా చేరినవారి మాట, సంఘంలో పదో తరగతి చదివే పిల్లవాని మాట చివరిదాకా వినడం నేను చూసిన అభ్యాసాలన్నిటిలో కష్టమైనది. తరువాత, కనిపించని పని ఒకటి చేపట్టడం: ప్రేమవిందు తరువాత ఆకులు ఎత్తడం, మరుగుదొడ్డి కడగడం, ప్రయాణం చేయలేని వృద్ధులకు ప్రభురాత్రి భోజనం అందేలా చూడటం. ఆ పని మీరే చేస్తున్నారని ఎవరికీ తెలియకపోతే ఇంకా మంచిది. పేరు పెట్టి పిలవడం మరొకటి. మన ఇంట్లో పనిచేసేవారిని, వీధి ఊడ్చేవారిని "ఏయ్" అని, "నువ్వు" అని పిలిచే నోటితో ఆదివారం కీర్తన పాడుతున్నాము. వయసులో పెద్దవారైతే "మీరు" అనండి. వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే అలవాటు ఇంకా ఇంట్లో ఉంటే దాన్ని ఈ రోజే తీసివేయండి. ఇందుకు ప్రార్థన చేసి దేవుని జవాబు కోసం కనిపెట్టుకొని ఉండనక్కరలేదు.

మోకాళ్ళూనడం, ఉపవాసం కూడా శరీరానికి ఈ పాఠం నేర్పుతాయి, కానీ అణగారినవారిని విడిపించడమే దేవునికి ఇష్టమైన ఉపవాసమని చెప్పే యెషయా 58 చదవకుండా ఉపవాసం ఆరంభించవద్దని మాత్రం చెబుతాను.

పెద్దవాళ్ళం చిన్నవాళ్ళకు క్షమాపణ చెబితే మన పెద్దరికం పోదా?

పోదు. క్షమాపణ ఎలా చెబుతున్నామన్నది చూసుకోవాలి. మన సభలలో "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించగలరు" అనడం ఆనవాయితీ. ఆ వాక్యంలో పొరపాటు తనంతట తానే జరిగింది. చేసినవారు ఎవరూ లేరు. పైగా "ఉంటే" అని అనుమానం కూడా తగిలించాము. దీనమనస్సుకు ఆ వాక్యం సరిపోదు. "నేను నిన్ను అందరి ముందు అబద్ధికుడవన్నాను. అది తప్పు. నన్ను క్షమించు" అనాలి. చేసిన పనిని పేరు పెట్టి చెప్పాలి, కారణాలు చెప్పకూడదు, వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకూడదు. తండ్రి కొడుకుతో ఈ మాట అనగా విన్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై తన పిల్లలతో అలాగే అంటున్నాడు.

నేను దీనుణ్ణయ్యానని తోచినప్పుడు దానివల్లే గర్వం వస్తోంది. ఎలా తప్పించుకోవాలి?

లోపలికి చూసుకుంటూ ఎంత కొలుచుకుంటే అంత వస్తుంది. కొలవడం మాని, మీ ముందున్న మనిషికి ఇప్పుడు ఏది అవసరమో చూడండి. కొలొస్సయులకు 2:18లో పౌలు "అతివినయాసక్తుడై" ఉన్నవానిని గురించి హెచ్చరించాడంటే, వినయం కూడా ప్రదర్శనకు దిగగలదని అపొస్తలుల కాలంలోనే తెలుసన్నమాట.

సంఘంలో పదవికి పోటీ చేయడం తప్పా?

తప్పు కాదు, అధ్యక్షపదవిని ఆశించడం దొడ్డపనిని అపేక్షించడమేనని మొదటి తిమోతి 3:1 చెబుతుంది. అయితే ఓడిపోయిన మరుసటి ఆదివారం మీరు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యం. మందిరం ఆస్తుల కోసం విశ్వాసులు ఏళ్ళ తరబడి కోర్టులలో నిలబడి ఉన్న చోట్ల, మొదట పోయింది డబ్బు కాదు, ఒకరి పక్కన ఒకరు కూర్చోగలిగే శక్తి.

నేను బాధపెట్టిన మనిషి ఇప్పుడు బ్రతికి లేరు. ఎవరి ఎదుట తగ్గించుకోవాలి?

ముందుగా దేవుని ఎదుట. "విరిగి నలిగిన హృదయమును దేవా, నీవు అలక్ష్యము చేయవు" అన్న 51వ కీర్తన అటువంటి వేళకే ఉంది. కానీ అక్కడితో ఆపకండి. జక్కయ్య ప్రభువు ఎదుట నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు తీసుకున్నది పొలం గట్టు అయితే గట్టును వెనక్కి జరపండి. డబ్బయితే వారి పిల్లలకు ఇవ్వండి. మాట అయితే, ఆ మాట ఎవరి ముందు అన్నారో వారి ముందే అది అబద్ధమని చెప్పండి. ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు సంఘ పెద్దలను వెంటబెట్టుకొని వెళ్ళవద్దు, పండ్లు స్వీట్లు పట్టుకొని వెళ్ళవద్దు. ఒక్కరే వెళ్ళండి. వారు కూర్చోమంటే కూర్చోండి, అనకపోతే నిలబడే చెప్పండి.